అమెరికాలో ఇంజనీరింగ్ డిగ్రీ చదువు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇంజనీరింగ్ మొదటి డిగ్రీ నాలుగేళ్ల చదువు. మన బీఈ, బీటెక్‌లకు సాటి వచ్చే ఈ పట్టాను ఎక్కువచోట్ల బీఎస్ అంటారు. సెమిస్టర్ పద్ధతి ఉన్నచోట సుమారు 120 నుంచి 130 క్రెడిట్లు పూర్తిచేయాలి. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా పాఠం వింటే ఒక క్రెడిట్. ఆ గంటకు బయట మరో రెండు గంటలు సొంతంగా చదువుకోవాలని లెక్క. రెండు గంటలనేది కాగితం మీది మాట. థర్మోడైనమిక్స్ హోంవర్కు ముందేసుకుని కూర్చున్న కుర్రాణ్ణి అడిగితే అంకె మారిపోతుంది.

తెలుగునాట చదివినవారికి ఈ వ్యవస్థలో ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించేది ఉమ్మడి సిలబస్ లేకపోవడం. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో ఆర్18, ఆర్20 అని రెగ్యులేషన్ పేరు చెబితే చాలు. ఏ యూనిట్‌లో ఏముందో సీనియర్లు నిద్రలో లేపినా చెప్పగలరు. పరీక్ష రోజున ఒకే ప్రశ్నపత్రం ఎన్నో కాలేజీల్లో ఒకే వేళకు తెరుచుకుంటుంది. పాఠం చెప్పిన లెక్చరర్‌కీ ఆ పత్రం అప్పటిదాకా తెలియదు. అమెరికాలో పాఠం చెప్పే ప్రొఫెసరే మొదటి తరగతిలో తన సిలబస్ చేతికిస్తారు. హోంవర్కుకు ఎంత శాతం, మిడ్‌టర్మ్‌లకు ఎంత, ఫైనల్‌కు ఎంత అన్నది అందులోనే ఉంటుంది. ప్రశ్నపత్రం రాసేదీ, గ్రేడు వేసేదీ ఆయనే. వారంవారం వచ్చే హోంవర్కులు దిద్దే పని చాలాచోట్ల టీచింగ్ అసిస్టెంట్లది, అంటే టీఏలది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్, పీహెచ్‌డీలకు వెళ్లిన తెలుగు విద్యార్థుల్లో చాలామంది అమెరికన్ డిగ్రీ చదువును దగ్గరగా చూసేది ఆ టీఏ కుర్చీలోంచే.

సప్లీ రాసి గట్టెక్కే దారి అక్కడ లేదు. కోర్సు తప్పితే మళ్లీ ఫీజు కట్టి మొదటి పాఠం నుంచి కూర్చోవాలి. ఈ లోపు దాని మీద ఆధారపడ్డ కోర్సులన్నీ ఆగిపోతాయి. క్యాల్క్యులస్ ఒకటి దాటనిదే రెండు లేదు, రెండు దాటనిదే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లేవు, అవి లేకపోతే కంట్రోల్ సిస్టమ్స్ గడప తొక్కలేరు. ప్రీరిక్విజిట్ల గొలుసు అంటే ఇదే. చిన్న విభాగాలు కొన్ని కోర్సులను ఏడాదికోసారే చెబుతాయి కనుక ఒక్క లంకె తెగితే పట్టా ఏడాది వెనక్కి జరగొచ్చు. బ్యాక్‌లాగులు మూటగట్టుకుని పై సంవత్సరానికి వెళ్లడం తెలిసిన మనవాళ్లకు ఇది కాస్త కర్కశంగానే తోస్తుంది.

ఈ గొలుసును తెంపి చూసినవారూ ఉన్నారు. ఒహాయోలోని డేటన్‌లో రైట్ స్టేట్ విశ్వవిద్యాలయం 2004లో నేథన్ క్లింగ్‌బైల్ నాయకత్వంలో మొదటి ఏడాదికి ఒక కొత్త గణిత కోర్సు పెట్టింది. చెప్పేది గణితశాఖ కాదు, ఇంజనీరింగ్ అధ్యాపకులే. స్టాటిక్స్, సర్క్యూట్స్, డైనమిక్స్‌లలో నిజంగా అక్కరకొచ్చే లెక్కలను మాత్రమే ప్రయోగశాలలో చూపిస్తూ నేర్పుతారు. అది పాసైతే క్యాల్క్యులస్ మొత్తం పూర్తికాకపోయినా ముందుకు సాగవచ్చు. ఈ పద్ధతిని తర్వాత మరెన్నో విద్యాసంస్థలు తెచ్చుకున్నాయి.

నాలుగేళ్ల నడక శాఖను బట్టి మారినా మొదటి రెండేళ్లు దాదాపు ఒకటే. మొదటి ఏడాది క్యాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కొంత ప్రోగ్రామింగ్, డిజైన్‌తో తొలి పరిచయం. రెండో ఏడాది స్టాటిక్స్, డైనమిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, థర్మోడైనమిక్స్, సర్క్యూట్స్. మెకానికల్ వాళ్లకు మూడో ఏడాది ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్. ఎలక్ట్రికల్ వాళ్లకు సిగ్నల్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్. చివరి ఏడాది ఎలెక్టివ్‌లు, క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు. పుస్తకాల పేర్లు మనవాళ్లకు కొత్తేమీ కాదు. లీహై విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన బీర్, జాన్‌స్టన్‌ల మెకానిక్స్ పుస్తకం, మిషిగన్‌లోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ బోధించిన స్టెఫాన్ తిమోషెంకో రచనలు కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లో కూడా దొరుకుతాయి. కనిపించనిది మినీ డ్రాఫ్టర్. మన మొదటి ఏడాది విద్యార్థి భుజాన వేలాడే ఆ సరంజామా అక్కడ ఎప్పుడో కంప్యూటర్ డ్రాయింగ్‌కు చోటిచ్చింది.

వీటి మధ్యలో చరిత్రో, సంగీతమో, తత్త్వశాస్త్రమో చదవక తప్పదు. ఎంఐటీలో ఏ శాఖవారైనా కళలు, మానవీయ, సామాజిక శాస్త్రాల్లో ఎనిమిది కోర్సులు పూర్తిచేయాలి. ఈత పరీక్ష కూడా పాసవ్వాలి, లేదంటే ఈత కోర్సులో చేరాలి. లక్షలు పోసి పంపితే పిల్లవాడు జాజ్ సంగీత చరిత్ర చదువుతున్నాడేమిటని గుంటూరులో తాతయ్య వాపోవచ్చు గానీ, ఆ కోర్సులు వదిలేస్తే డిగ్రీ రాదు.

ఈ అమరిక ఒక్కనాటిది కాదు. చేతిపనికీ గణితానికీ మధ్య రెండు వందల ఏళ్లుగా సాగుతున్న లాగులాటలో ఎప్పటికప్పుడు కుదిరిన రాజీ ఇది.

మొదట్లో అమెరికాలో ఇంజనీరంటే పని చేస్తూ నేర్చుకున్నవాడే. 1817 నుంచి 1825 దాకా తవ్విన ఈరీ కాలువే ఆ దేశపు తొలి ఇంజనీరింగ్ కళాశాల అనే మాట ఉంది. దాని ప్రధాన ఇంజనీర్ బెంజమిన్ రైట్ న్యాయమూర్తిగా, సర్వేయరుగా పనిచేసినవాడు. బడిలో నేర్పే ఇంజనీరింగ్ సైన్యం ద్వారా వచ్చింది. 1802లో ఏర్పడిన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి 1817లో సిల్వేనస్ థేయర్ అధిపతి అయ్యి, పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ నమూనాను తెచ్చిపెట్టాడు. గణితం ముందు, మిగతావి తర్వాత. ఫ్రాన్స్ నుంచి వచ్చిన క్లాడియస్ క్రోజే అక్కడ డిస్క్రిప్టివ్ జామెట్రీ బోధించాడు. అమెరికా తరగతి గదిలో నల్లబల్ల వాడిన తొలివారిలో ఆయనొకడు. పౌరుల కోసం 1824లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో రెన్సలియర్ విద్యాసంస్థ పుట్టింది. అక్కడ ఏమస్ ఈటన్ పద్ధతి తలకిందులుగా ఉండేది. విద్యార్థులే ప్రయోగాలు చేసి, వాళ్లే నిలబడి పాఠం చెప్పాలి. 1835లో ఆ సంస్థ నలుగురికి సివిల్ ఇంజనీరింగ్ పట్టాలిచ్చింది.

ఈ చదువు ఊరూరా పాకడానికి కారణం ఒక చట్టం. 1862 జులై 2న అబ్రహాం లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం, ఒక్కో రాష్ట్రానికి అక్కడి కాంగ్రెస్ సభ్యుల లెక్కన తలకు 30,000 ఎకరాలు ఇచ్చింది. ఆ భూమిని అమ్మిన సొమ్ముతో వ్యవసాయ, యంత్ర విద్యలు నేర్పే కళాశాలలు నడపాలి. కార్నెల్, పర్డ్యూ, ఇల్లినాయ్ వంటి విశ్వవిద్యాలయాలు ఆ నిధులతో లేచినవే. ఆ ఎకరాల్లో అధికభాగం ఆదివాసీ జాతుల నుంచి లాక్కున్నవన్న సంగతిని ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయాలే ఒప్పుకుంటున్నాయి.

పందొమ్మిదో శతాబ్ది చివరి భాగంలో వర్క్‌షాప్‌దే పైచేయి. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 1868లో తెరిచిన వాష్‌బర్న్ షాప్స్‌లో విద్యార్థులు అమ్మకానికి వెళ్లే వస్తువులే తయారుచేసేవారు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో మాస్కో సాంకేతిక విద్యాలయం పెట్టిన నమూనాలు చూసి ఎంఐటీ అధ్యక్షుడు జాన్ రంకుల్ ముచ్చటపడ్డాడు. వడ్రంగం, పోత, ఫిట్టింగ్‌లను ఒక క్రమంలో విడగొట్టి నేర్పే ఆ రష్యన్ పద్ధతిని ఆయన తన సంస్థకు తీసుకువచ్చాడు. మన మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో ఆకురాయి పట్టుకుని చెమటోడ్చేవారికి ఆ క్రమం బాగా పరిచయమే. 1906లో సిన్సినాటిలో హెర్మన్ ష్నైడర్ ఇంకో అడుగు వేశాడు. 27 మంది విద్యార్థులను కొంతకాలం తరగతిలో, కొంతకాలం ఫ్యాక్టరీలో జీతానికి పని చేయిస్తూ కో-ఆప్ పద్ధతి మొదలుపెట్టాడు. నార్త్‌ఈస్టర్న్, డ్రెక్సెల్ విశ్వవిద్యాలయాలు ఈ రోజుకీ దాని మీదే పేరు నిలుపుకున్నాయి.

1918లో కార్నెగీ ఫౌండేషన్ కోసం చార్ల్స్ మాన్ ఒక నివేదిక రాశాడు. మంచి ఇంజనీరుకు ఏం కావాలని వేలమంది ఇంజనీర్లను అడిగితే, వ్యక్తిత్వం, వివేచన ముందు నిలిచి సాంకేతిక జ్ఞానం వెనకబడింది. ఆ ఫలితం ఎవరినీ పెద్దగా కదిలించినట్టు లేదు. కదిలించింది రెండో ప్రపంచ యుద్ధం. రాడార్ వంటి పనుల్లో ముందు వరుసలో నిలిచినవారు భౌతిక శాస్త్రవేత్తలు. హ్యాండ్‌బుక్ చూసి డిజైన్ చేసే ఇంజనీర్లు చిన్నబోయారు. ఆ అవమానంలోంచి 1955 నాటి గ్రింటర్ నివేదిక వచ్చిందనుకోవచ్చు. ఘనపదార్థాల మెకానిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, ఉష్ణ ద్రవ్య బదిలీ, విద్యుత్ సిద్ధాంతం, పదార్థ ధర్మాలు అనే ఆరింటిని ఇంజనీరింగ్ శాస్త్రాలుగా అది నిలబెట్టింది. రెండేళ్లకే స్పుత్నిక్ ఎగిరింది, డబ్బు కురిసింది, లేతు మిషన్లు మూలకు చేరాయి. 1960లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన బర్డ్, స్టూవర్ట్, లైట్‌ఫుట్ ముగ్గురూ ప్రచురించిన ట్రాన్స్‌పోర్ట్ ఫినామెనా పుస్తకం కెమికల్ ఇంజనీరింగ్‌ను సమీకరణాల భాషలోకి మార్చేసింది. నేడు మన బీటెక్‌లో కనిపించే విషయాల వరుసకు కూడా ఈ మలుపుతో గట్టి చుట్టరికం ఉంది. 1962 నుంచి పదేళ్లపాటు తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థలు దగ్గరుండి ఐఐటీ కాన్పూర్‌ను తీర్చిదిద్దిన కాలం కూడా ఇదే.

లెక్కలు బాగా వచ్చి బోల్టు బిగించడం రాని పట్టభద్రులు బయటికి రావడంతో త్రాసు మళ్లీ చేతిపని వైపు మొగ్గింది. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కళాశాల 1963లోనే క్లినిక్ పేరుతో కంపెనీల అసలు సమస్యలను విద్యార్థి బృందాలకు అప్పగించింది. 1970లో వూస్టర్ పాలిటెక్నిక్ తన పాఠ్యక్రమాన్నే ప్రాజెక్టుల చుట్టూ తిరగరాసింది. ఎంఐటీలో 2.70 అనే నంబరున్న డిజైన్ కోర్సులో వుడీ ఫ్లవర్స్ ఒక్కో విద్యార్థికి ఒక సంచీ తుక్కు సామాను ఇచ్చి, దానితో యంత్రం చేసి తోటివారి యంత్రంతో పోటీకి దింపేవాడు. అది చూడడానికి హాలు కిక్కిరిసేది. ఆ పోటీ ఊపుతోనే డీన్ కేమెన్‌తో కలిసి ఆయన హైస్కూలు పిల్లల ఫస్ట్ రోబోటిక్స్ పోటీని 1992లో మొదలుపెట్టాడు. అమెరికాలోని తెలుగు ఇళ్లలో గ్యారేజీల నిండా మోటార్లు, వైర్లు పరుచుకునేది చాలావరకు ఆ పోటీ పుణ్యమే. పర్డ్యూలో 1995లో మొదలైన ఎపిక్స్ కార్యక్రమంలో విద్యార్థులు స్థానిక సేవాసంస్థలకు కావలసిన పరికరాలు చేసిపెట్టి క్రెడిట్లు సంపాదిస్తారు. అన్నిటికంటే తెగువ చూపింది మసాచుసెట్స్‌లోని ఓలిన్ కళాశాల. 2002లో తొలి పూర్తి బ్యాచ్‌ను చేర్చుకున్న ఆ కళాశాలలో విడి విభాగాలే లేవు, ప్రొఫెసర్లకు టెన్యూర్ అనే శాశ్వత ఉద్యోగ హామీ లేదు.

తరగతి గదిలోకి ప్రమాదాలు కూడా పాఠాలై వచ్చాయి. ఇంజనీరింగ్ ఎథిక్స్ కోర్సుల్లో తరచుగా చెప్పే కథ కాన్సస్ సిటీది. 1981 జులై 17న హయత్ రీజెన్సీ హోటల్లో పైకప్పు నుంచి వేలాడే రెండు నడవాలు కూలి 114 మంది చనిపోయారు. అసలు నక్షాలో పై నడవా, కింది నడవా రెండూ ఒకే పొడవాటి కడ్డీకి వేలాడాలి. అంత పొడవు కడ్డీకి మర చుట్టడం కష్టమని దాన్ని రెండు ముక్కలు చేశారు. దాంతో కింది నడవా పై నడవాకు వేలాడింది, పై దూలం దగ్గరి నట్టు మీద బరువు రెట్టింపయింది. రెండో ఏడాది స్టాటిక్స్ విద్యార్థి ఒక ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీస్తే ఈ తేడా కనిపిస్తుంది. ఆ మార్పుకు ఆమోదం తెలిపినవారెవరూ దాన్ని గీసి చూడలేదు. కారకులైన ఇంజనీర్లు మిస్సోరిలో లైసెన్సులు కోల్పోయారు.

డిగ్రీ విద్యార్థి చేతిలోని పని నిజంగా ఒక భవనం దాకా వెళ్లిన సందర్భమూ ఉంది. న్యూయార్క్‌లో 1977లో పూర్తయిన 59 అంతస్తుల సిటీకార్ప్ భవనానికి స్తంభాలు మూలల్లో ఉండవు, నాలుగు వైపులా మధ్యలో ఉంటాయి. ఆ స్థలంలో ఒక మూల చర్చికి చోటు వదలాల్సి రావడమే దీనికి కారణం. 1978లో ప్రిన్స్‌టన్‌లో సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న డయాన్ హార్ట్‌లీ తన థీసిస్‌కు ఈ భవనాన్ని ఎంచుకుంది. గాలి నేరుగా ముఖానికి కాకుండా ఏటవాలుగా మూలను తాకితే శక్తులు ఎంత పెరుగుతాయని లెక్క వేసి, డిజైనర్ల కార్యాలయాన్ని అడిగింది. ఏమీ ఫర్వాలేదన్నారు. అదే ఏడాది స్ట్రక్చరల్ ఇంజనీర్ విలియం లెమెషరియర్ ఒక విద్యార్థి ప్రశ్నతో మళ్లీ లెక్కలు తిరగేశాడు. వెల్డింగు చేయాల్సిన కీళ్లకు బోల్టులు వేశారని, మూల గాలికి అవి చాలవని ఆయనకు తేలింది. నెలల తరబడి రాత్రిళ్లు ఎవరికీ చెప్పకుండా ఉక్కు పలకలు అతికించి భవనాన్ని బిగించారు. సంగతి 1995లో బయటపడింది. తనను కదిలించిన విద్యార్థి పేరు లెమెషరియర్‌కు గుర్తు లేదు. హార్ట్‌లీ కాకుండా న్యూజెర్సీకి చెందిన మరో విద్యార్థి పేరు కూడా వినిపిస్తుంది కనుక ఆ ఘనత ఎవరిదో తేలలేదు. థీసిస్ మాత్రం మార్కుల కోసం రాసిందే.

వడపోత గురించి చెప్పకపోతే చిత్రం సగమే. మొదటి రెండేళ్ల క్యాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు కలుపుతీత కోర్సులన్న పేరుంది. ఏరేది ఎవరినన్నదే చిక్కు. ఇలేన్ సేమూర్, నాన్సీ హ్యూవిట్ ఏడు విద్యాసంస్థల్లో విద్యార్థులతో మాట్లాడి 1997లో ప్రచురించిన పరిశోధనలో, వదిలి వెళ్లినవారికీ నిలిచినవారికీ తెలివితేటల్లో పెద్ద తేడా లేదని తేలింది. పాఠం చెప్పే తీరు బాగోలేదన్న ఫిర్యాదు ఇరువైపులా వినిపించింది. సీటు వచ్చేముందే ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకుతో వడపోసే మన పద్ధతి, సీటిచ్చాక వడపోసే వాళ్ల పద్ధతి — రెండింట్లో ఏది దయగలదో చెప్పడం కష్టం. అక్కడ ఒక వెసులుబాటు ఉంది. మెకానికల్ నచ్చకపోతే రెండో ఏడాదిలో ఎకనామిక్స్‌కు మారిపోవచ్చు, ఇంట్లో యుద్ధం తప్పకపోయినా. తక్కువ ఖర్చుతో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యే దారి కూడా తెరిచే ఉంటుంది.

ఈ మధ్య జనమంతా కంప్యూటర్ల వైపే. 1962లో పర్డ్యూ కంప్యూటర్ సైన్స్‌కు ప్రత్యేక విభాగం పెట్టినప్పుడు దేశంలో అదే మొదటిది. ఇప్పుడు బర్కిలీలో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు సీఎస్61ఏలో ఒక్క సెమిస్టర్‌కు వెయ్యి మందికి పైగా కూర్చున్న రోజులున్నాయి. హాలు చాలక చాలామంది పాఠాన్ని వీడియోలో చూసి, టీఏలు నడిపే చిన్న తరగతులకు మాత్రమే వస్తారు.

తెలుగువారికి అమెరికా ఇంజనీరింగ్ అంటే చాలాకాలం ఎమ్మెస్సే. ఉస్మానియాలో బీఈ చేసిన శంతను నారాయణ్, మణిపాల్‌లో చేసిన సత్య నాదెళ్ల ఆ తరం వారు. వారి పునాది ఇక్కడిదే. డిగ్రీ కూడా అక్కడే చదివినవారు తర్వాతి తరం. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు కొడుకు, అయోవాలో పెరిగిన రాజా చారి 1999లో అమెరికా వైమానిక దళ అకాడమీలో ఆస్ట్రనాటికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. డిగ్రీ విద్యార్థులు ఫాల్కన్‌శాట్ పేరుతో ఉపగ్రహాలు తయారుచేసే సంస్థ అది. 2021 నవంబరులో ఆయన క్రూ-3 కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. ఆంధ్రలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల పర్డ్యూలో 2011లో ఏరోనాటికల్, ఆస్ట్రనాటికల్ ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తిచేసి, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ఎగిరింది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1955లో పట్టా తీసుకున్నదీ ఆ విశ్వవిద్యాలయంలోనే.

సిలబస్ ప్రొఫెసర్ ఇష్టమైతే నాణ్యతకు పూచీ ఎవరన్న ప్రశ్నకు జవాబు అబెట్. 1932లో వేరే పేరుతో మొదలైన ఈ గుర్తింపు సంస్థ, పాఠాలు ఏవో చెప్పదు. గణితం, మౌలిక శాస్త్రాలకు కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజనీరింగ్ విషయాలకు 45, చివర ఒక పెద్ద డిజైన్ అనుభవం ఉన్నాయా అని చూస్తుంది. 1990ల చివర్లో తెచ్చిన కొత్త ప్రమాణాలతో చూపు పాఠాల జాబితా నుంచి విద్యార్థి ఏం చేయగలడన్న దాని మీదికి మళ్లింది. మన దేశపు గుర్తింపు సంస్థ ఎన్‌బీఏ ఫైళ్లలో కోర్సు అవుట్‌కమ్‌లు నింపుతూ విసిగిపోయే అధ్యాపకుల కష్టానికి మూలం ఆ మార్పులోనే ఉంది.

లైసెన్సు వేరే మెట్టు. ఇంజనీర్లకు లైసెన్సు తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రం వయోమింగ్, 1907లో. టెక్సస్‌లో న్యూ లండన్ బడిలో గ్యాసు పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయిన 1937లోనే ఆ రాష్ట్రమూ చట్టం చేసింది. నేడు విద్యార్థులు చివరి ఏడాదిలో 110 ప్రశ్నల ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్) పరీక్ష రాసి, సాధారణంగా నాలుగేళ్లు అనుభవం గడించాక పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) పరీక్షకు కూర్చుంటారు. సివిల్ వాళ్లకు ఇది దాదాపు తప్పనిసరి, సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామంది దాని పేరే వినరు. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తి సభ్యత్వం పొందడంతో ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపున్న బీటెక్‌కు అమెరికా డిగ్రీతో సూత్రప్రాయంగా సమాన హోదా వచ్చింది. లైసెన్సులిచ్చేది మాత్రం రాష్ట్రాల బోర్డులు. వాటిలో చాలా బోర్డులు ఇప్పటికీ విదేశీ పట్టా ఉన్నవారి మార్కుల జాబితాలను విడిగా మదింపు చేయించి, గణితం, శాస్త్రాలకు 32 క్రెడిట్లు, ఇంజనీరింగ్‌కు 48 ఉన్నాయో లేదో ఒక్కో కోర్సు లెక్కపెట్టిస్తాయి.